“ఒక మనసు వద్దంటుంది, ఇంకో మనసు అరిచేస్తుంది”: ఐఎఫ్ఎస్ థెరపీ గురించి అనంతపురం లెక్చరర్‌కు జవాబు

మీరు రాసింది పెద్దది, మిగతావాళ్ల కోసం ముందు నాలుగు ముక్కల్లో చెబుతాను. మీరు అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. క్లాసులో ఎంత అల్లరైనా గొంతు పెంచరు. ఇంటికొచ్చాక మాత్రం ఏడేళ్ల కొడుకు హోంవర్క్ దగ్గర ఒక్కసారిగా అరిచేస్తారు, వాడు బిక్కచచ్చిపోతాడు. ఆ తర్వాత రాత్రి రెండింటి దాకా ఫోన్లో రీల్స్. పొద్దున బ్రష్ చేసుకునేటప్పుడు మొదలవుతుంది తిట్టు: “నువ్వొక తండ్రివా?” అని. బెంగళూరు నుంచి ఆన్‌లైన్లో మాట్లాడిన కౌన్సిలర్ “ఇవన్నీ మీలోని పార్ట్స్, ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్, అంటే ఐఎఫ్ఎస్ అనే పద్ధతిలో పనిచేద్దాం” అన్నారు. అక్కడి నుంచి మీకు టెన్షన్ పట్టుకుంది. ఇది స్ప్లిట్ పర్సనాలిటీయా? మా జేజికి గంగమ్మ పూనేది, అదేనా నాకూ? తెలుగులో, ఇంట్లో కూర్చుని సొంతంగా చేసుకోవచ్చా? మాత్రలు వాడాలా? భార్యకు చెప్పాలా? చివర్లో మీ నాయన వేరుశనగ పంట పోయి, అప్పు చేసి మిమ్మల్ని చదివించాడని ఒక్క వాక్యం రాసి ముగించారు.

తమ్ముడూ, నేను క్లినికల్ సైకాలజిస్టుని, కర్నూలులో చాలా ఏళ్లుగా ఇదే పని. అందరిలాగే సీబీటీతో, అంటే ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో మొదలుపెట్టాను, ఇప్పటికీ ఎక్కువగా వాడేది అదే. ఐఎఫ్ఎస్ తర్వాత నేర్చుకున్నాను. దానికి వీరాభిమానిని కాదు. కానీ తన తప్పు తనకు పూర్తిగా తెలిసీ మనిషి ఆపుకోలేకపోతున్న చోట అది బాగా పనికొస్తుందని నా అనుభవం. భయాల సంగతి ముందు తేల్చేసి అసలు విషయానికి వస్తాను. అసలు విషయం ఇదీ: మీరు కోపంతో మొదలుపెట్టాలని చూస్తున్నారు. పొద్దున తిట్టే గొంతుతో మొదలుపెట్టాలి.

స్ప్లిట్ పర్సనాలిటీ కాదు. జనం ఆ పేరుతో పిలిచేదాన్ని డాక్టర్లు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటారు. అందులో జ్ఞాపకాల్లో ఖాళీలుంటాయి. నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారో, ఎవరితో ఏం మాట్లాడారో గుర్తుండదు. తాము కొన్నట్టే తెలియని వస్తువులు ఇంట్లో కనిపిస్తాయి. మీకు అరిచిన ప్రతి మాటా గుర్తుంది. పైగా అరుస్తున్నప్పుడే “వద్దురా, ఆపు” అని లోపల వినిపించిందని మీరే రాశారు. ఒక మనసు వెళ్లమంటుంది, ఇంకో మనసు వద్దంటుంది అని మనం రోజూ అనుకునేదాన్నే ఈ పద్ధతి సీరియస్‌గా తీసుకుని, ఆ రెండు మనసులతో విడివిడిగా మాట్లాడిస్తుంది. అంతే.

మీ జేజి విషయం. మీ జిల్లాలోనే గూగూడు కుళ్లాయస్వామి దగ్గర మొహర్రానికి పీర్లు లేచినప్పుడు చూసే ఉంటారు, హిందువులూ ముస్లింలూ కలిసి చేసే పండుగ. ఊరంతా ఒప్పుకున్న సందర్భంలో, ఒక వేళకు వచ్చి, అది ముగిశాక మనిషి మామూలుగా ఇంటిపనిలో పడిపోతే దాన్ని ఏ డాక్టరూ జబ్బు అనడు. సందర్భం లేకుండా, మనిషికి ఇష్టం లేకుండా, పదేపదే వచ్చి బతుకు చెడగొడుతుంటేనే చూపించుకోవాలి. మీది ఈ రెండూ కాదు. పార్ట్స్ అంటే బయటి నుంచి వచ్చేవాళ్లు కాదు, మీ అలవాట్లూ భయాలూ జ్ఞాపకాలే ఒక్కో మనిషి స్వభావంతో కనబడటం.

ఇక ఈ పద్ధతి ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ సమస్యకు తాళంచెవి అందులోనే ఉంది. రిచర్డ్ ష్వార్ట్జ్ అమెరికాలో ఫ్యామిలీ థెరపిస్టు. 1980ల మొదట్లో షికాగోలో బులీమియా ఉన్న అమ్మాయిలతో పనిచేసేవాడు. విపరీతంగా తినేసి, తర్వాత వాంతి చేసుకునే జబ్బు అది. కుటుంబంలో గొడవలు సర్దితే జబ్బు పోతుందని అప్పటి ఫ్యామిలీ థెరపీ నమ్మకం. కుటుంబాలు సర్దుకున్నాయి, జబ్బు పోలేదు. ఏం జరుగుతోందని అడిగితే వాళ్లు ఇంచుమించు ఒకే రకంగా చెప్పారు: ఏదైనా చిన్న మాట తగిలితే లోపల ఒకటి తిట్టడం మొదలుపెడుతుంది, ఆ తిట్లకు ఇంకొకటి చిన్నపిల్లలా కుంగిపోతుంది, ఆ బాధ తట్టుకోలేక మూడోది వచ్చి తినిపిస్తుంది, తిన్నందుకు మొదటిది మళ్లీ తిడుతుంది. ఇది చదివి మీ పొద్దు, మీ సాయంత్రం, మీ రాత్రి ఒకసారి చూసుకోండి.

అప్పుడు ఆయన కూడా అందరూ చేసేదే చేశాడు, చెడ్డ పార్ట్‌ను అదుపు చేయబోయాడు. ఒక క్లయింటులో తనను తాను గాయపరచుకునే పార్ట్ ఉంటే, ఇక ఆ పని చేయనని ఒప్పుకునేదాకా ఇద్దరూ కలిసి దాన్ని ఒత్తిడి చేశారు. ఒప్పుకుంది. తర్వాతి సెషన్‌కు ఆమె ముఖం మీద గాయంతో వచ్చింది. ఆయన చేతులెత్తేసి, నేను నీతో గెలవలేను అన్నాడు. నిన్ను ఓడించాలని నాకూ లేదని అది బదులిచ్చిందట. అలాంటప్పుడు ఎందుకు చేస్తున్నావని మొదటిసారి నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆమె చిన్నతనంలో హింస పడిన రోజుల్లో, ఆ పార్ట్ ఆమెను ఆ బాధలోంచి తప్పించి కాపాడేదని తెలిసింది. ఈ పద్ధతంతా అక్కడ నిలబడింది: ఎంత చెడ్డగా కనబడే పార్ట్‌ అయినా ఏదో ఒక కాపలా డ్యూటీలో ఉంది.

మనసులో పలు భాగాలున్నాయన్న ఆలోచన ఆయన కనిపెట్టింది కాదు. అంతకుముందే మనస్తత్వవేత్తల్లో ఫ్రాయిడ్ ఇడ్, ఈగో, సూపర్ ఈగో అని మూడు చెప్పాడు, యుంగ్ కాంప్లెక్సులన్నాడు, ఇటలీలో అసజోలి ఉపవ్యక్తిత్వాలన్నాడు, ఎరిక్ బెర్న్ పేరెంట్, అడల్ట్, చైల్డ్ అన్నాడు. ష్వార్ట్జ్ కొత్తగా తెచ్చింది కుటుంబాన్ని చూసే చూపు. తండ్రి తాగుడుకు బానిసైన ఇంట్లో పదేళ్ల పెద్దకూతురు ఇల్లంతా నెత్తిన వేసుకోవడం మనం చూస్తుంటాం. తమ్ముళ్లను కసురుతుంది, కొడుతుంది, ఊరివాళ్లు గయ్యాళి అంటారు. ఆ పిల్లను తిడితే బాగుపడుతుందా? ఎవరైనా పెద్దవాళ్లు వచ్చి ఆ బరువు దించుకుంటే తప్ప ఆ పిల్ల మళ్లీ పిల్ల కాలేదు. మనలో కసిరే, తిట్టే, దాక్కునే పార్ట్స్ చాలావరకు ఇలా చిన్న వయసులో పెద్ద డ్యూటీ మీద పడ్డవే.

ఆ డ్యూటీలను బట్టి ఆయన మూడు రకాలన్నాడు. మేనేజర్లు: గాయం తగలకుండా ముందుగానే అన్నీ అదుపులో పెట్టేవి. మీ క్లాసులో గొంతు పెంచని మాస్టారు ఒక మేనేజర్, పొద్దున తిట్టే గొంతు ఇంకొకటి. ఫైర్‌ఫైటర్లు: బాధ పొంగాక దాన్ని ఏదో విధంగా ఆపేసేవి. రీల్స్, తాగుడు, అప్పుచేసి షాపింగ్, తిండి, కొన్నిసార్లు చావు ఆలోచనలు కూడా. ఎక్సైల్స్: ఈ రెండు రకాలూ కలిసి లోపల గదిలో పెట్టి గడియ వేసినవి, అంటే సిగ్గు, భయం, ఒంటరితనం మోస్తున్న చిన్న వయసు పార్ట్స్. హోంవర్క్ దగ్గరి కోపం మేనేజరా, ఫైర్‌ఫైటరా అని మీరు తప్పకుండా అడుగుతారు. ఏదైనా కావచ్చు, దాని మీద టైమ్ వృథా చేయకండి.

వీటన్నిటికీ అడుగున, పార్ట్ కానిది ఒకటుందంటాడు, దాన్ని సెల్ఫ్ అంటాడు. ప్రశాంతత, ఆసక్తి, కరుణ, స్పష్టత, ధైర్యం, ఆత్మవిశ్వాసం, సృజన, కలిసిపోయే గుణం, ఈ ఎనిమిదీ దాని లక్షణాలు. మన దగ్గర ఈ మాట చెప్పగానే “ఆత్మే కదా మేడమ్” అంటారు. అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు, వేదాంతం తేల్చకుండానే థెరపీ చేయొచ్చు. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోండి: ఇది దూరంగా సాక్షిలా చూస్తూ ఉండేది కాదు. లేచి వెళ్లి, ఏడుస్తున్న పార్ట్ పక్కన కూర్చుని, మాట్లాడి, చెయ్యి పట్టుకునేది. ధ్యానం బాగా చేసేవాళ్లు కొందరు ఇక్కడే తడబడతారు. చూస్తారు, వదిలేస్తారు, లోపలి పిల్లవాడు మాత్రం అక్కడే ఏడుస్తూ ఉంటాడు.

సెషన్ ఎలా నడుస్తుందో చూపిస్తాను. ఇద్దరు ముగ్గురి సంగతులు కలిపి, గుర్తుపట్టకుండా మార్చి చెబుతున్నాను. ఆదోని వైపు పత్తి వ్యాపారం చేసే ఒకాయన, నలభై దాటినవాడు. ఇంటర్ చదివే కొడుకు మార్కులు తగ్గితే చెయ్యి చేసుకుంటాడు. భార్య పట్టుబట్టి తీసుకొచ్చింది.

“మొన్న చెయ్యి లేచే ముందు ఒళ్లు ఎక్కడ బిగుసుకుంది?” అని అడిగాను.

“ఇదో, ఈడ మేడమ్. దవడ. పండ్లు కొరుక్కుంటా.”

“ఇప్పుడు తలచుకుంటే తెలుస్తోందా?”

“తెలుస్తా ఉండాది, కొంచెం.”

“దాన్ని చూస్తుంటే మీకేమనిపిస్తోంది?”

“చీదర. ఇది లేకుంటే నా ఇల్లు బాగుపడును.”

ఈ చివరి ప్రశ్నే ఐఎఫ్ఎస్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది. దానికొచ్చే జవాబును బట్టి ఆ క్షణంలో మాట్లాడుతున్నది ఎవరో తెలుస్తుంది. అయ్యో అనో, ఎందుకిలా చేస్తోందో తెలుసుకోవాలనో అనిపిస్తే సెల్ఫ్ దగ్గర్లో ఉన్నట్టు. చీదర అన్నాడంటే, కోపాన్ని చూస్తున్నది ఆయన కాదు, ఇంకో పార్ట్. తిట్టేవాణ్ణి ముందు పెట్టుకుని కోపాన్ని ఎంత బుజ్జగించినా అది నోరు విప్పదు. తనను తిట్టేవాళ్ల ముందు ఎవరు మనసు విప్పుతారు?

“ఆ చీదరపడేదాన్ని ఒక ఐదు నిమిషాలు పక్కన కూర్చోమని అడగండి. వెళ్లగొట్టడం లేదు, ఇక్కడే ఉండమనండి.”

ఆయన కళ్లు మూసుకునే నవ్వాడు. “ఒప్పుకోవడం లేదు మేడమ్.”

“ఎందుకంట?”

“తను కాపలా లేకుంటే ఆ కోపం పిల్లోణ్ణి చంపేస్తాదంట.”

చూడండి, చీదరకు కూడా డ్యూటీ ఉంది. ఆ రోజు సెషన్ మొత్తం దానితోనే గడిచింది. ఎన్నాళ్లుగా కాపలా కాస్తోంది, కాసినా కొట్టడం ఆగిందా, ఆగకపోతే ఇంకో దారి చూసుకోవడానికి ఒప్పుకుంటుందా, ఇవీ మాటలు. తర్వాతి వారం అది కాస్త పక్కకు జరిగింది. మళ్లీ దవడ దగ్గరికి వెళ్లాం. ఈసారి “ఇప్పుడు చూస్తే ఏమనిపిస్తోంది?” అంటే, “ఏమో మేడమ్, అలిసిపోయినట్టుండాది పాపం” అన్నాడు. ఆ పాపం అన్న మాట కోసమే నేను ఎదురుచూస్తున్నాను.

“కొట్టకపోతే ఏమవుతుందని దాని భయం? మీరు చెప్పకండి, దాన్ని అడిగి ఊరుకోండి.”

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “వాడు నా మాదిరి అవుతాడంట.”

“మీకిప్పుడు వయసెంత అనుకుంటోందో అడగండి.”

“పద్నాలుగు అంటాంది.”

పద్నాలుగేళ్లకు ఆయన బడి మానేసి మార్కెట్లో మూటలు మోశాడు. ఆ కోపానికి ఇన్నేళ్లు గడిచాయని, ఆయనకు సొంత వ్యాపారం ఉందని, కొడుకు ఫీజు కట్టేశారని తెలియనే తెలియదు. అది ఇంకా ఆ మార్కెట్ యార్డులోనే ఉంది. ఈ సమాచారం దానికి చెప్పడం కూడా థెరపీలో భాగమే. ఆ తర్వాత, కోపం అనుమతి ఇచ్చాకే, దాని వెనకున్న పిల్లవాడి దగ్గరికి వెళ్లాం. ఫీజు కట్టలేదని క్లాసు బయట నిలబడ్డ పిల్లవాడు. ఆ పిల్లవాడికి ఆ రోజు ఏం కావాల్సిందో అది ఆయనే ఇచ్చాడు, నేను కాదు. చివరకు ఆ సిగ్గును ఎక్కడ వదిలేస్తావని అడగడం ఈ పద్ధతిలో ఉంది, దాన్ని బరువు దింపడం అంటారు. ఊహలోనే నీటికో, నిప్పుకో, గాలికో, మట్టికో ఇవ్వొచ్చు. ఆయన మంత్రాలయం దగ్గర తుంగభద్రలో వదిలాడు. చదివేవాళ్లకు నాటకంలా ఉంటుంది, నాకూ మొదట అలాగే ఉండేది.

ఫలితం? కొట్టడం ఆగింది. అరవడం పూర్తిగా ఆగలేదు. దవడ బిగుసుకోవడం ఇప్పటికీ వస్తుంది, కానీ అది వచ్చినట్టు ఆయనకు తెలిసి, గదిలోంచి లేచి వెళ్లేంత వ్యవధి దొరుకుతోంది.

ఇప్పుడు మీ సంగతి. మీరు ఆ ఉత్తరం రాసిన తీరు చూస్తే రాసింది పొద్దున తిట్టే గొంతే అనిపించింది. “నా ఈ దరిద్రపు కోపాన్ని ఎలా పీకేయాలి” అని అడిగారు. ఆ గొంతును మీరు మీ మంచితనం అనుకుంటున్నారు. మన ఇళ్లలో, మన కాలేజీల్లో అందరం దాన్ని గౌరవిస్తాం, భయం ఉంటేనే మనిషి దారిలో ఉంటాడని నమ్ముతాం. కానీ లెక్క చూడండి. ఇన్నాళ్లుగా రోజూ పొద్దున తిట్టుకుంటున్నారు, అరవడం తగ్గిందా? తిట్టిన సిగ్గు పగలంతా మోసి, సాయంత్రానికి ఒళ్లంతా పుండులా ఉన్న మనిషి ముందు పిల్లవాడు ఏడు ఎనిమిదులు తప్పు చెబుతాడు. వాడి తప్పు మీకు మీ తప్పులా తగులుతుంది. అరుస్తారు. ఆ బాధ వినబడకుండా రీల్స్. నిద్రలేమి. పొద్దున మళ్లీ తిట్టు. ఈ గొలుసులో మీ చేతికి అందే కొక్కెం పొద్దుటిదే, ఎందుకంటే అప్పుడు ఎదురుగా పిల్లవాడు లేడు, ఒళ్లు వేడెక్కి లేదు.

సొంతంగా చేసుకోవచ్చా అంటే, ఈ మేరకు చేసుకోవచ్చు. ఇంట్లో జాగా లేకపోతే మిద్దె మీదికి వెళ్లండి. తిట్టు మొదలవగానే దానితో వాదించకండి, మూయించకండి. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడండి, తలలోనా, భుజాల మీదా, పొట్టలోనా. దాన్ని చూస్తే ఏమనిపిస్తోందో గమనించండి. “ఛీ, పోవే” అనిపిస్తే ఆ విసుగును కాస్త జరగమనండి. నిజంగా తెలుసుకోవాలనిపించినప్పుడు రెండే ప్రశ్నలు: నాకోసం ఏం చేయాలని చూస్తున్నావు? నువ్వు తిట్టడం ఆపితే ఏమవుతుందని భయం? నోట్‌బుక్‌లో రాసుకుంటే ఇంకా మంచిది. ఆ గొంతు ఏ మాటల్లో తిడుతుందో అచ్చంగా అలాగే రాయండి. చదువుకున్నవాళ్లలో కూడా ఈ గొంతు చాలాసార్లు పాఠ్యపుస్తకాల తెలుగులో మాట్లాడదు. “ఏం రా, సిగ్గుండాదా నీకు” అని ఎవరో ఒక పెద్దమనిషి యాసలో వస్తుంది. ఎవరి యాసో మీకు తెలిసిపోతుంది.

జవాబు కోసం ఆగాలి. అది మాటగా రావచ్చు, ఒక దృశ్యంగా రావచ్చు, ఊరికే గొంతు పట్టేసినట్టు ఉండొచ్చు. “బాల్యంలోని అభద్రత వల్ల నాలో పర్‌ఫెక్షనిజం ఏర్పడింది” అని చక్కటి వాక్యం వచ్చిందనుకోండి, అది ఆ గొంతు ఇచ్చిన జవాబు కాదు, విశ్లేషణ చేసే ఇంకో మేనేజర్. ఫిజిక్స్ చెప్పేవాళ్లకు ఈ బెడద ఎక్కువ. ఆయన్నీ కాసేపు సెలవు తీసుకోమనండి. ఒక్క ముక్క తెలిసినా థాంక్స్ చెప్పి లేవండి, ఒక్క పూటలో అంతా తవ్వాలని చూడకండి.

ఎక్కడ ఆగాలో కూడా చెబుతున్నాను, ఇది తప్పకుండా పాటించండి. ఎక్సైల్స్ జోలికి ఒంటరిగా వెళ్లొద్దు. పాత దృశ్యం ఏదైనా కళ్లముందు తోసుకొస్తున్నా, ఒళ్లు వణికినా, మొద్దుబారినట్టు అనిపించినా కళ్లు తెరవండి, పాదాలు నేలకు ఆనించండి, చుట్టూ ఉన్న వస్తువుల పేర్లు పైకి చెప్పండి, మొహం కడుక్కుని మనుషుల మధ్యకు వెళ్లండి. మీ నాయన అప్పు గురించి రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గర ఏదో ఉందని నాకు అనిపిస్తోంది. కానీ ఊహించి చెప్పను. మీ లోపల ఏముందో థెరపిస్టు చెప్పకూడదు. “మీకు చిన్నప్పుడు ఏదో జరిగింది, మీ పార్ట్ దాచిపెడుతోంది” అని ఎవరైనా అంటే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి. లేని జ్ఞాపకాలు ఉన్నట్టు తోచేలా చేయడం ఏ థెరపీలోనైనా జరగగల ప్రమాదం, ఊహల మీద నడిచే ఇలాంటి పద్ధతుల్లో ఇంకా ఎక్కువ.

రుజువుల మాట. దీని మీద అమెరికాలో కీళ్లవాతం ఉన్న 79 మందితో చేసిన ఒక పరిశోధన 2013లో జర్నల్ ఆఫ్ రుమటాలజీలో వచ్చింది. తొమ్మిది నెలల పాటు కొందరికి ఐఎఫ్ఎస్, మిగతావాళ్లకు జబ్బు గురించిన అవగాహన మాత్రమే ఇచ్చారు. ఐఎఫ్ఎస్ వాళ్లలో నొప్పి, కుంగుబాటు తగ్గాయి, తమ మీద తమకు దయ పెరిగింది, వీటిలో కొన్ని ఏడాది తర్వాతా నిలిచాయి. ఆందోళన విషయంలో మాత్రం నిలిచిన తేడా కనబడలేదు. ట్రామా, అంటే మనసుకు తగిలిన పెద్ద దెబ్బ మీద చిన్నచిన్న పరిశోధనలున్నాయి. సీబీటీకి ఉన్నంత పెద్ద పునాది దీనికి లేదు, సోషల్ మీడియాలో దీనికొచ్చిన పేరు రుజువులకన్నా ముందు పరిగెడుతోంది. అందుకే ఎవరైనా సర్వరోగ నివారిణిలా అమ్మితే నమ్మకండి.

లోపలి గొడవ తీరినంత మాత్రాన బయటి గొడవ తీరదన్నది ఇంకో సంగతి. కడప జిల్లాలో భర్త కువైట్లో ఉన్న ఆడవాళ్లు నా దగ్గరికి తలనొప్పితో వస్తుంటారు. వీడియో కాల్లో నవ్వుతూ “నేను బాగుండాను” అనే పార్ట్ ఒకటి, ఇక చాలు వచ్చెయ్యమనాలని చూసే పార్ట్ ఒకటి, ఇల్లు కట్టడం పూర్తయ్యేదాకా నోరు మూసుకోమనే పార్ట్ ఇంకొకటి. ఆ రెండో మూడో వాటిని ఒకదాని మాట ఒకటి వినేలా చేయొచ్చు, తలనొప్పి తగ్గుతుంది కూడా. ఇంటి అప్పు అలాగే ఉంటుంది, అత్తమామల సేవ అలాగే ఉంటుంది. మీకూ కాలేజీలో రిజల్ట్స్ ఒత్తిడి నిజం. దాన్ని కూడా పార్ట్ అని పిలిచి మీ నెత్తిన వేసుకోకండి.

మాత్రల గురించి. ఐఎఫ్ఎస్‌కూ మందులకూ గొడవేం లేదు. నిద్ర అసలు పట్టకపోవడం, రెండు వారాలకు మించి ఏ పనీ చేయాలనిపించకపోవడం, చావు ఆలోచనలు, ఎవరూ లేకుండానే మాటలు బయటి నుంచి చెవికి వినబడటం, అతిగా హుషారై డబ్బు తగలేయడం, రోజూ తాగుడు, వీటిలో ఏదున్నా పార్ట్స్ సంగతి పక్కనపెట్టి ముందు సైకియాట్రిస్టును కలవండి. అనంతపురం, కర్నూలు, కడప మూడుచోట్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి, మానసిక వైద్య విభాగం ఓపీలో చూపించుకోవచ్చు. మీవైపు నుంచి బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ కూడా దగ్గరే. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏవైనా మాత్రలు వాడుతుంటే థెరపీ మొదలైందని సొంతంగా ఆపకండి. మీరు బరువు తగ్గారని, చేతులు వణుకుతున్నాయని రాశారు కాబట్టి ఒకసారి థైరాయిడ్, షుగర్ టెస్టులు కూడా చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువై చిరాకు పడేవాళ్లను లోపలి పిల్లవాడితో మాట్లాడించి ప్రయోజనం లేదు.

ఆ బెంగళూరు కౌన్సిలర్‌ను రెండు విషయాలు అడగండి. ఒకటి, మూల చదువేమిటి, క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా. రెండు, ఐఎఫ్ఎస్ ఎక్కడ నేర్చుకున్నారు. అమెరికాలోని ఐఎఫ్ఎస్ ఇన్‌స్టిట్యూట్ లెవెల్ 1, 2, 3 అని శిక్షణ ఇస్తుంది, అది లేకపోయినా మంచి థెరపిస్టు కావచ్చు, వారాంతపు వీడియో కోర్సు ఒక్కటే ఉంటే మాత్రం జాగ్రత్త. సెషన్ తెలుగులో చేస్తారా అని కూడా అడగండి. ఇంగ్లీషులో మీరు బాగానే మాట్లాడగలరు, మీలో ఇంగ్లీషు రాని వయసు పార్ట్స్ మాట్లాడలేవు.

ఈలోగా కొడుకు సంగతి. థెరపీ ఫలించేదాకా ఏడేళ్ల పిల్లవాడు ఆగలేడు. కొన్నాళ్లు హోంవర్క్ డ్యూటీ మీరు వదిలేయండి, భార్యకు కుదరకపోతే పక్కింటి అక్క దగ్గర ట్యూషన్ పెట్టండి, పిల్లవాడితో మీరు ఆటకే పరిమితం కండి. అరిచిన రోజు పడుకునేలోపు వాడి దగ్గరికెళ్లి “నాన్న అరిచాడు, తప్పు నాన్నదే, నీది కాదు” అని చెప్పండి. పార్ట్స్ కథలు వాడికొద్దు.

భార్యకు మాత్రం చెప్పండి. “అరిచింది నేను కాదు, నా పార్ట్” అని మొదలుపెట్టకండి, విన్నవాళ్లకు తప్పించుకున్నట్టే ఉంటుంది. అరిచింది మీరే, బాధ్యత మీదే, ఎందుకు జరుగుతోందో తెలుసుకునే పనిలో ఉన్నానని చెప్పండి. మీ గొంతు మారడం మీకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది కాబట్టి, అలా మారగానే ఆమె అనాల్సిన మాట ఒకటి ఇద్దరూ కలిసి ముందే ఒప్పుకోండి, “నీళ్లు తాగుదువు రా” లాంటిది. ఆ మాట వినగానే ఏ వాదనా లేకుండా లేచి వెళ్లాలి. ఇక ఆమె ఇన్నాళ్లూ దాచుకున్న కోపం ఆ రోజే బయటికి రావచ్చు. అప్పుడు మీ పొద్దుటి గొంతు మధ్యలో దూరి “అవును, నేను వెధవనే” అని మాట ముగించేయాలని చూస్తుంది. ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా దాన్ని ఆగమనండి.